పాత పంచాంగం

"దాస్ ష్టిమ్ట్ నిష్ట్." సోమవారం స్టాండప్‌లో, అంటే ఎవరి పని ఎక్కడుందో చెప్పుకునే రోజువారీ మీటింగులో, పదకొండు మంది ముందు మా సీనియర్ అన్న మాట. ఇది సరికాదు, అని. 'ఇది' అంటే నేను రాసిన డాక్యుమెంటు, మా అప్లికేషన్ ఎలా నడపాలో చెప్పే పేజీ. "ఆ అమ్మాయి రెండు రోజులు దీన్ని నమ్మింది" అని ఇంకో ముక్క కలిపి తర్వాతి టికెట్‌కి వెళ్లిపోయాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. నాకు మండింది అందుకే.

ఆ అమ్మాయి 'అజూబి', అంటే కొన్నాళ్లు వృత్తి బడిలో, కొన్నాళ్లు ఆఫీసులో పని నేర్చుకునే పిల్ల. జర్మనీలో ఇలా మామూలుగా మూడేళ్లు సాగుతుంది. మా జావా అప్లికేషన్‌ని లాప్‌టాప్‌లో డాకర్ కంటైనర్‌గా, అంటే దానికి కావలసినవన్నీ సర్దిన డబ్బాలో పెట్టి, నడపమన్నారు. నా పేజీ తెరిచి ఉన్నదున్నట్టు టైప్ చేసింది. కంటైనర్ లేవడం, పడిపోవడం. మళ్లీ లేవడం, పడిపోవడం. లాగ్‌లో ఒకటే గోల: 'యూజ్‌సీగ్రూప్‌మెమరీలిమిట్‌ఫర్‌హీప్' అనే ఆప్షన్ ఏంటో నాకు తెలీదు, అని.

ఆ ఆప్షన్ కథ చెప్పకపోతే నాకు అన్యాయం జరుగుతుంది. 2018 మొదట్లో ఇదే కంపెనీ మాదాపూర్ ఆఫీసు. కంటైనర్‌కి మేం రెండు జీబీ మెమరీ హద్దు పెట్టేవాళ్లం. అప్పటి జావా 8 ఆ హద్దు చూసేది కాదు. కింద సర్వర్‌లో ఉన్న 64 జీబీ చూసి, అందులో పావు వంతు, అంటే 16 జీబీ దాకా హీప్ (జావా తన డేటా పెట్టుకునే మెమరీ) నాదే అనుకునేది. రెండు దాటగానే లైనక్స్ కెర్నల్ చంపేసేది. ఎగ్జిట్ కోడ్ 137, బలవంతంగా ఆపేశారని గుర్తు. ఒక రాత్రంతా కూర్చుని నేను పట్టుకున్న మందు ఆ ఆప్షన్. తెల్లారేసరికి పేజీ రాశాను. ఆ పేజీ చూసే నన్ను ఇక్కడికి పంపారని ఇప్పటికీ నా నమ్మకం.

అదే ఏడు అక్టోబర్‌లో, జావా 8 అప్‌డేట్ 191తో, ఆ తెలివి జావాకే వచ్చేసింది. జావా 11 నాటికి ఆ ఆప్షన్నే పీకేశారు. మేం జావా 17కి మారినప్పుడు కంటైనర్‌ని ఎలా కట్టాలో చెప్పే డాకర్‌ఫైల్ మార్చాం, పేజీ మార్చలేదు. పేజీలో ఉన్న ఓపెన్‌జేడీకే ఇమేజ్‌ని (కంటైనర్‌కి పునాదిగా వాడే రెడీమేడ్ జావా మూట) ఇక వాడొద్దని, అలాంటి ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్‌లో 2022లోనే చెప్పేశారు. మేం దాని బదులు టెమురిన్ అనే ఇంకో జావా ఇమేజ్ వాడుతున్నాం. ఇదంతా మాకు తెలుసు. "ఆ లైను వదిలేయ్" అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. నిరుటి పంచాంగం చూసి ఎవరైనా ముహూర్తం పెట్టుకుంటారా? కానీ పంచాంగం అట్ట మీద సంవత్సరం పేరుంటుంది. నా పేజీ మీద అదీ లేదు.

అయినా నన్నెందుకు అడగలేదు? రెండు కుర్చీల అవతలే కదా నేనుండేది! మాదాపూర్‌లో పేజీ ఎవరు చదివారు? అది క్లయింట్‌కి చూపించడానికి. పని కావాలంటే "అన్నా, ఒక్క నిమిషం" అంటూ కుర్చీ జరుపుకుని వచ్చేసేవాళ్లు. ఆ నిమిషం టీ దాకా, టీ నుంచి చెల్లెలి సంబంధం దాకా పోయేది. ఈ మాటే ఆ పిల్లని అడిగాను. "రాసి ఉంది కదా, తప్పు నాదే అనుకున్నా" అంది. సీనియర్ మాటకి మనసులో వంద జవాబులు చెప్పుకున్నాను. దీనికి ఒక్కటీ దొరకలేదు.

ఆ వారమే పేజీని డాకర్‌ఫైల్ పక్కకి, కోడ్ ఉండే అదే రిపోకి మార్చాం. ఆ పాత ఆప్షన్ పోయి 'మాక్స్‌ర్యామ్‌పర్సంటేజ్' వచ్చింది, 75: కంటైనర్ మెమరీలో 75 శాతం దాకా హీప్‌కి, అని. పేజీలో ఉన్న కమాండ్లని రోజూ రాత్రి ఖాళీ మెషీన్ మీద సీఐ, అంటే తనంతట తానే పరీక్షించే ఏర్పాటు, నడుపుతుంది. ఒక్కటి తప్పినా పొద్దున్నే బిల్డ్ ఎర్రగా ఉంటుంది. ఇది ఆ సీనియర్ ఆలోచనే. మంచి ఆలోచన, ఒప్పుకోక తప్పదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ పేజీ తప్పని నాకు తెలిసీ దిద్దకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. అది తప్పుగా ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఇక్కడ పని లేకుండా ఎవరి కుర్చీ దగ్గరికీ ఎవరూ వెళ్లరు.

గురువారం రాత్రి ఎనిమిదికి హైదరాబాద్ ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు. లింకు పంపానుగా అన్నాను.

"చూసిన అన్నా, మంచిగుంది. గానీ నువ్వొకసారి చెప్పవా?"

కంటైనర్ మొదటి ఐదు నిమిషాల్లోనే లేచింది. ఫోన్ పెట్టేసరికి అక్కడ అర్ధరాత్రి దాటింది.