షాపులో బాగానే కలిసి తిరుగుతాయి, కానీ

అక్వేరియం షాపు తొట్టిలో ఏంజెల్, నియాన్ టెట్రా చేపలు కలిసే తిరుగుతుంటాయి. అప్పటికి ఏంజెల్ రూపాయి బిళ్లంతే. కొన్ని నెలలకి అరచేతంత అవుతుంది, నియాన్లు ఒక్కోటీ మాయం. నోట్లో పట్టేదేదైనా దానికి మేతే మరి.

టైగర్ బార్బ్‌లు రెండు మూడే తెస్తే పక్క చేపల రెక్కలు కొరుకుతాయి, గప్పీ తోక దువ్వెన పళ్లలా చీలిపోతుంది. ఎనిమిది పైన ఉంటే చాలావరకు వాటిలో అవే తరుముకుంటాయి. అయినా గప్పీతో మాత్రం వద్దు.

గోల్డ్ ఫిష్‌కి 20 డిగ్రీల చల్లనీళ్లు హాయి, గప్పీకి 25 కావాలి. వేరే తొట్టి పెట్టండి.

బకెట్ అంచున తెల్లగా సున్నం పట్టే బోరు నీళ్లా? గప్పీ, ప్లాటీ, మోలీలకి అవే ఇష్టం. ఒక మగదానికి మూడు ఆడవి. లేకపోతే మగవి ఆడదాన్ని వెంటాడి వేధిస్తాయి, ఒక్కోసారి చచ్చిపోతుంది కూడా. పాచి తింటుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు పొడవు దాటి పెరుగుతుంది, 60 లీటర్ల తొట్టిలో ఎక్కడ పడుతుంది?