బీరువా వెనక గోడ

జలుబు వారంలో తగ్గింది, దగ్గు మాత్రం ఉండిపోయింది. రెండో నెలకి రాత్రి మూడింటికల్లా మెలకువ రావడం మొదలైంది. లేచి కూర్చుని మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. గాలి పీల్చడం కంటే వదలడమే కష్టం. వదిలినప్పుడల్లా గొంతు కింద ఎక్కడో సన్నగా పిల్లికూతలు. మా ఆయన ఒకసారి నిద్రలోనే "ఫోన్ మోగుతోంది చూడు" అన్నారు.

డాక్టరు గారు స్పైరోమెట్రీ చేయించారు. గొట్టంలోకి ఊపిరంతా ఖాళీ అయ్యేదాకా ఊదాలి. తర్వాత మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. మొదటి సెకనులో వదిలే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పెరిగితే ఉబ్బసాన్ని అనుమానిస్తారట. నాది 19 శాతం పెరిగింది. ఈ వయసులో ఉబ్బసం ఏమిటని అడిగితే, "చిన్నప్పుడే రావాలని రూలేం లేదండీ" అన్నారావిడ. ఇంట్లో చెమ్మ ఉందా అని కూడా అడిగారు. "లేదండీ, ఇల్లు అద్దంలా ఉంచుకుంటాను" అన్నాను, కాస్త రోషంగానే.

ఆ రోషంతోనే ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం పట్టేస్తుందని డబ్బా మీద ఉంది. అబద్ధమేం కాదు, కానీ ఆ లెక్క ఫిల్టరులోంచి వెళ్లిన గాలికే. మేం కొన్న చిన్న మెషీన్ హాల్లో తిరుగుతుంటే నేను పడుకునేది బెడ్‌రూములో. పైగా దుమ్ము రాకూడదని కిటికీలన్నీ మూసేసి, రూమ్ ఫ్రెషనర్ కొట్టేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

గుట్టు బయటపెట్టింది పీక్ ఫ్లో మీటరు, అంటే ఊపిరి ఎంత వేగంగా వదలగలమో కొలిచే చిన్న గొట్టం. అంకె ఎంత పెరిగితే అంత మంచిది. రోజూ పొద్దున ఊది నోట్‌బుక్‌లో రాసుకోమన్నారు. ఇంట్లో ఉంటే 260, 270. పని మీద నాలుగు రోజులు వేరే ఊరు వెళ్తే మూడో రోజుకి 390. అక్కడ తెల్లారేదాకా హాయిగా నిద్రపోయాను. తిరిగొచ్చిన రాత్రే మళ్లీ మూడింటికి లేచి కూర్చున్నాను. అంటే తిరకాసు ఇంట్లోనే ఉంది.

ఆదివారం ఇద్దరం కలిసి బెడ్‌రూములో బీరువా లాగాం. దాని వెనక గోడకి అవతల బాత్రూము. పెయింటు బుడగలు కట్టి ఉంది, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. నేల నుంచి మోకాలెత్తు దాకా నల్లటి చుక్కలు. కింద అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి మచ్చలయ్యాయి. బీరువా వెనక చెక్కకి బూడిదరంగు నూగు పట్టింది. ఇన్నాళ్లూ పాత బట్టల వాసన అనుకున్నది ఈ బూజుదే. నా తలగడకి మూడడుగుల దూరం.

ఇక్కడే పెద్ద పొరపాటు చేశాను. మాస్కు కూడా లేకుండా బ్లీచింగ్ నీళ్లతో నేనే గోడ రుద్దేశాను. ఆ సాయంత్రం ఆయాసం వచ్చినప్పుడు వాడే రిలీవర్ ఇన్‌హేలర్ పీల్చినా ఆయాసం తగ్గలేదు, మాట మాటకీ ఆగాల్సి వచ్చింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే మందుని తుంపరలా పీల్పించే నెబ్యులైజర్ పెట్టి, ఐదు రోజులకి స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఉబ్బసం ఉన్నవాళ్లు బూజు జోలికే వెళ్లకూడదట, ఇంకెవరితోనైనా చేయించాలట. డాక్టరు గారు బాగానే చీవాట్లు పెట్టారు.

గోడలో పైపు జాయింటు దగ్గర సన్నగా లీకవుతోందని ప్లంబరు కనిపెట్టాడు. "పైన పెయింటు వేసేస్తే కనపడదమ్మా" అన్నాడు పెయింటరు. కనపడదు నిజమే, లోపల మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పైపు మార్పించి, ఆ మేర ప్లాస్టరింగ్ కొట్టించేసి, మూడు వారాలు ఆరబెట్టాకే మళ్లీ పూయించాం. అన్నాళ్లూ నేను వేరే గదిలో పడుకున్నాను. బీరువా ఇప్పుడు గోడకి బెత్తెడు దూరంలో ఉంది. గదిలో తేమ 76 శాతం నుంచి 50 దగ్గరికి దిగింది. అంతకంటే తగ్గితే పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు కూడా బతకలేవు. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతున్నాం.

వంటగదిది ఇంకో కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని కణాలు, రోజు సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదు. గాలిని కొలిచే మా మీటరు వంట చేస్తున్నంతసేపూ 200 పైన చూపించింది. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ హెపా ఫిల్టరుకి చిక్కదు, దాన్ని బయటికి పంపాల్సిందే. అందుకే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి తర్వాత స్టవ్ వెలిగిస్తున్నాను. వంటయ్యాక పది నిమిషాలు తిరగనిస్తాను. మొక్కలు పెట్టమని చాలామంది చెప్పారు. గాలి శుభ్రపడాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు కావాలని చదివాక, ఉన్న రెండు కుండీలనీ అందానికే ఉంచాను.

రెండు నెలలకి బాగుందనిపించి, ఎవర్నీ అడక్కుండా రోజువారీ ఇన్‌హేలర్ మానేశాను. పది రోజుల్లో దగ్గు తిరిగొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాను. ఈమధ్యే డాక్టరు గారు డోసు సగానికి తగ్గించారు. పీల్చాక నోరు పుక్కిలించడం మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ మర్చిపోతుంటాను.

పొద్దుటి రీడింగు ఇప్పుడు 400 అటూ ఇటూ ఉంటోంది. మొన్న వర్షాలకి తేమ 68 చూపిస్తే, టార్చి తీసుకుని బీరువా వెనక గోడ తడిమి చూశాను. పొడిగానే ఉంది. ఆ రాత్రి నాలుగింటికి ఒకసారి దగ్గొచ్చింది. రెండు పఫ్‌లు పీల్చి పడుకున్నాను.