టవర్ స్పీకర్లు కొనే ముందు హాలు కొలవండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు అద్దెకుండే చాలా ఫ్లాట్లలో హాలు పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవుకు అటూ ఇటూగా ఉంటుంది. చుట్టూ సిమెంటు గోడలు, కింద టైల్స్. ఇందులో ఎనిమిది అంగుళాల వూఫర్లు (బేస్ పలికించే పెద్ద డ్రైవర్లు) రెండేసి ఉన్న టవర్లు, అంటే నేల మీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు, తెచ్చి పెడితే షోరూములో విన్న బేస్ వినపడదు, మోత వినపడుతుంది.

లెక్క సులువే. 565ని హాలు పొడవుతో ఒకసారి, వెడల్పుతో ఒకసారి (అడుగుల్లో) భాగించండి. 14 అడుగులకు 40 హెర్ట్జ్, 11 అడుగులకు 51. ఆ స్థాయుల దగ్గర గదే మోగుతుంది. విదేశాల్లో చాలా ఇళ్లలో ఉండే జిప్సం బోర్డు గోడలైతే బేస్‌ని కొంత పీల్చుకుంటాయి, కాంక్రీటు దాదాపు మొత్తం తిప్పికొడుతుంది. అందుకే విదేశీ రివ్యూలో 'బేస్ కాస్త తక్కువ' అని రాసిన స్పీకరు మన హాల్లో చాలాసార్లు చక్కగా కుదురుతుంది. ఈ కొలతకు ఐదు, ఐదున్నర అంగుళాల వూఫర్లు రెండేసి ఉన్న సన్నటి టవర్ చాలు. ఆరున్నర దాటొద్దని నా గట్టి అభిప్రాయం.

పోర్టు (పెట్టెలోంచి గాలి వచ్చే గుండ్రటి రంధ్రం) వెనక ఉంటే గోడకి కనీసం రెండడుగుల ఖాళీ వదలాలి. అంత చోటు లేకపోతే ముందు పోర్టున్నవి చూడండి. అప్పటికీ మోత తగ్గకపోతే పోర్టులో స్పాంజి ముక్క కూరితే చాలావరకు అదుపులోకి వస్తుంది. సోఫాని వెనక గోడకి ఆనించొద్దు, గోడ దగ్గరే బేస్ పోగుపడుతుంది. ఒకటిన్నర అడుగు ముందుకి జరిపినా తేడా తెలుస్తుంది.

వినడానికి వెళ్లినప్పుడు మృదంగం బాగా రికార్డయిన కచేరీ ఒకటి పట్టుకెళ్లండి. ఎడమ చేతి గుంకారం మొదలైన చోటు, ఆగిన చోటు రెండూ స్పష్టంగా తెలియాలి. దెబ్బ దెబ్బకీ మధ్య శబ్దం సాగుతూ ఉంటే, ఆ స్పీకరు ఇంట్లో ఇంకా సాగుతుంది. వీలైతే ఇంటికి తెప్పించుకుని వినండి, అంతకు మించిన పరీక్ష లేదు.

స్పెసిఫికేషన్లలో సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) దగ్గర చాలామంది పొరబడతారు. '2.83 వోల్టులకు 90 డీబీ' అని ఉండి, స్పీకరు 4 ఓమ్‌లదైతే, ఆ వోల్టేజీకి అది తీసుకునేది ఒక వాట్ కాదు, రెండు. అంటే ఒక వాట్‌కి నిజానికి 87 డీబీయే. మూడు డీబీ పెరగాలంటే ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి. 4 ఓమ్‌లకు పనికిరాని రిసీవర్ (ఆంప్లిఫయర్ లోపలే ఉన్న పెట్టె) తగిలిస్తే వాల్యూమ్ పెంచగానే వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది.

వైరు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదారు మీటర్లకు ధారాళంగా సరిపోతుంది. కొనేముందు ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వదిలేయండి.

స్పీకరు అడుగున ఉండే స్పైకులు (మొనదేలిన కాళ్లు) టైల్స్‌ని గీస్తాయి, వాటి కింద లోహపు బిళ్లలు వేయండి. తడిగుడ్డ పెట్టేటప్పుడు నీళ్లు పెట్టె అడుగుకి తగలనివ్వొద్దు, పెట్టె చేసే ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన పలక) ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలుకి రాదు.

చివరగా, రెండు స్పీకర్ల మధ్య ఏడడుగులు ఉంచి, అంతే దూరంలో కూర్చుని ఏదైనా కీర్తన పెట్టండి. గొంతు సరిగ్గా నడుమ నుంచి రాక, బేస్ కూడా పలచబడితే, ఒక స్పీకరుకి ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. ఆంప్లిఫయర్ ఆపి, ఒక స్పీకరుకి మాత్రమే, అదీ తీగ ఒక కొన దగ్గరే మార్చండి.