చెడిపోతున్న హార్డ్ డిస్క్: ముందు నకలు, తరువాతే మరమ్మతు

హార్డ్ డిస్క్ మొరాయిస్తోందని తెలియగానే చాలామంది ఫైల్ మేనేజర్ తెరిచి ముఖ్యమైన ఫోల్డర్లను ఒక్కొక్కటిగా కాపీ చేయబోతారు. అది కుదరకపోతే, ఫైల్ వ్యవస్థలోని లోపాలను సరిదిద్దే లినక్స్ ఆదేశం ఎఫ్‌ఎస్‌సీకే నడుపుతారు. మొదటి పద్ధతిలో డిస్క్ హెడ్ అటూ ఇటూ తిరుగుతూ, చదవలేని చోటనే పదేపదే తంటాలు పడుతుంది. రెండవది ఇంకా ప్రమాదకరం. ఎఫ్‌ఎస్‌సీకే చదవడంతో ఆగక, తనకు తోచిన దిద్దుబాట్లను ఆ డిస్కు మీదనే రాస్తుంది కనుక, అది మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే అవుతుంది.

ఈ మధ్య మా బంధువుల ఇంట్లోని 1 టెరాబైట్ డిస్కును చూడవలసి వచ్చింది. డిస్కు ఆరోగ్యాన్ని చూపే స్మార్ట్‌సీటీఎల్ నివేదిక పైభాగంలో ‘పాస్డ్’ అనే ఉంది గాని, ఆ మాటను నమ్ముకోవడానికి లేదు. చూడవలసినవి 5, 197, 198 సంఖ్యల వరుసలు: ఇప్పటికే మార్చివేసిన సెక్టార్లు (డిస్కు మీది చిన్న నిల్వ భాగాలు), మార్పు కోసం వేచి ఉన్నవి, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయినవి. ఈ డిస్కులో 197వ వరుస విలువ సున్నా కాదు, పైగా లినక్స్ వ్యవస్థ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఐ/ఓ (చదవడం, రాయడం) ఎర్రర్లు వరుసకట్టి ఉన్నాయి. అటువంటప్పుడు ఆ డిస్కును మౌంట్ చేయకుండా (ఫైళ్లు వాడుకోవడానికి తెరవకుండా), మొత్తాన్నీ ఇమేజ్‌గా, అంటే ఒకే ఫైలులో ఉన్నదున్నట్టు నకలుగా తీసుకోవడమే సరైన పని.

అందుకు ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. డెబియన్, ఉబుంటులలో దీని ప్యాకేజీ పేరు ముందు ‘జీ’ చేరుతుంది. డీడీ తరువాత అండర్‌స్కోర్ ఉన్న ప్రోగ్రామ్ కర్ట్ గార్లాఫ్ రాసిన వేరొకటి. ఇంత దగ్గర పేర్లు పెట్టుకోవడం వినియోగదారుల మీద దయ లేకపోవడమే.

డీడీరెస్క్యూ బలమంతా మ్యాప్‌ఫైల్‌లో ఉంది. అది మామూలు టెక్స్ట్ ఫైలు. ప్రతి వరుసలో డిస్కులోని ఒక భాగం ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు అన్నవి హెక్సాడెసిమల్‌లోను, దాని స్థితి ఒక గుర్తులోను ఉంటాయి: ప్రశ్నార్థకం ఉంటే ఇంకా ముట్టుకోలేదని, ప్లస్ ఉంటే చేతికి వచ్చిందని, మైనస్ ఉంటే చెడిపోయిందని అర్థం. ఇది ఉన్నందువల్లనే మధ్యలో కరెంటు పోయినా, డిస్కు వేడెక్కిందని ఆపినా, మళ్లీ అదే ఆదేశం ఇస్తే ఆగిన చోటినుంచి కొనసాగుతుంది. మ్యాప్‌ఫైల్ పేరు ఇవ్వకుండా నడిపితే ఈ సౌకర్యం ఉండదు.

మొదటిసారి మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడపాలి. అప్పుడది సెక్టార్ సెక్టార్‌గా గోకే దశను వదిలి, సులువుగా వచ్చే డేటాను ముందు లాగేస్తుంది. మిగిలిన మొండి భాగాల కోసం మైనస్ డీ, మైనస్ ఆర్3 ఇచ్చి రెండవసారి నడిపితే, డిస్కును నేరుగా చదువుతూ మరో మూడుసార్లు ప్రయత్నిస్తుంది. ఇమేజ్ పెట్టే చోట మూల డిస్కు పరిమాణాన్ని మించిన ఖాళీ ఉండాలి. ఫ్యాట్32లో 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు. మూలం ఏదో గమ్యం ఏదో, డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేలో సీరియల్ నంబరుతో సరిచూసుకున్న తరువాతే ఎంటర్ నొక్కాలి. డిస్కును ఫ్రీజర్‌లో పెట్టమనే పాత చిట్కాను నేను ఎవరికీ చెప్పను, బయటికి తీయగానే లోపల తేమ పట్టే ప్రమాదం ఉంది. డిస్కు టక్ టక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపివేసి, డేటా విలువైనదైతే క్లీన్‌రూమ్ ఉన్న ప్రయోగశాలకు ఇవ్వాలి.

ఇమేజ్ వచ్చాక మరొక కాపీ తీసి, ఇక ప్రయోగాలన్నీ దాని మీదనే చేయాలి. ఇమేజ్‌ను డిస్కులా చూపించే లోసెటప్‌కు మైనస్ పీ (పెద్దక్షరం) ఇస్తే పార్టిషన్లు కనిపిస్తాయి. ఫైల్ వ్యవస్థ ఈఎక్స్‌టీ4 అయితే రీడ్-ఓన్లీతో పాటు నోలోడ్ కూడా ఇచ్చి మౌంట్ చేయాలి, లేకపోతే జర్నల్‌లో (మార్పుల చిట్టాలో) మిగిలిన మార్పులను ఇమేజ్‌లో రాసే ప్రయత్నం జరుగుతుంది. పార్టిషన్ పట్టికే పోతే టెస్ట్‌డిస్క్ వెతికిపెడుతుంది. ఫోటోరెక్‌ను చివరికి ఉంచుకోవడం మంచిది. అది ఫోటోలను తేగలదు గాని పాత పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు.

ఏ ఫైళ్లు దెబ్బతిన్నాయో తెలుసుకునే ఉపాయం కూడా డీడీరెస్క్యూలోనే ఉంది. ఫిల్-మోడ్‌కు మైనస్ గుర్తును, అదే మ్యాప్‌ఫైల్‌ను ఇస్తే, కాపీలోని చెడ్డ సెక్టార్లు ఉన్న స్థానాలన్నిటినీ మనం ఎంచుకున్న ఒక మాటతో నింపుతుంది. తరువాత ఆ కాపీని మౌంట్ చేసి గ్రెప్‌తో ఆ మాట కోసం వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల జాబితా చేతికి వస్తుంది. మా వాళ్ల విషయంలో ఆ జాబితాలో పడినవి ఎక్కువగా పెళ్లి ఫోటోలే కావడంతో, వాటిని వాట్సాప్‌లో అందుకున్న చుట్టాలను అడిగి తెప్పించుకున్నారు. నాణ్యత కొంత తగ్గింది గాని, చాలావరకు దొరికాయి.