అల వెనక్కి వెళ్లాక

విశాఖ వెళ్తున్నానని చెప్పగానే ఖమ్మంలో తెలిసినవాళ్లందరూ ఒకటే జాబితా చదివారు: కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం, సింహాచలం, వీలైతే అరకు. అన్నీ చూడదగ్గవే. అయితే ఈసారి నేను వెళ్లింది మా పిన్ని దగ్గర ఉండి, ఆమె చేసే పనుల్లో చేయి కలపడానికి. బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన పిన్ని పొద్దున్నే గవ్వలు ఏరుతుంది, ఎండ ముదిరేలోగా మిద్దె తోట చూసుకుంటుంది, మధ్యాహ్నం బొంత కుడుతుంది. ఒక ఊరితో చనువు కుదరాలంటే చూడాల్సిన చోట్ల జాబితా కన్నా ఇలాంటి దినచర్యే మేలని నా నమ్మకం.

ఆర్కే బీచ్‌లో జనం ఎక్కువ కాబట్టి పిన్ని సాగర్ నగర్ వైపు వెళ్తుంది. బయలుదేరే వేళ గడియారాన్ని బట్టి కాదు, ఆటుపోట్లను బట్టి ఉంటుంది. పోటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు మామూలు కన్నా బాగా వెనక్కి తగ్గుతాయి. అందుకే వంటగదిలోని క్యాలెండర్‌లో ఆ తిథులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

అల తీసిన గీత వెంటే నడవాలి. నురుగుతోపాటు వచ్చిన నాచు, సరుగుడు పుల్లలు, తెగిన వల ముక్కలు అక్కడే ఆగిపోతాయి. గవ్వలు, ఆల్చిప్పలు కూడా ఆ గీతలోనే చిక్కుకుంటాయి. పిన్ని ఒక చిన్న ఆల్చిప్ప తీసి నా అరచేతిలో పెట్టింది. దాని పైభాగాన ఒక గుండ్రని రంధ్రం. దండ గుచ్చడానికి ఎవరో సన్న బరమాతో తొలిచారేమో అనిపించేంత నున్నగా, పైన వెడల్పుగా, లోపలికి వెళ్లేకొద్దీ ఇరుగ్గా ఉంది. "ఇది నత్త పని అమ్మాయ్," అంది పిన్ని. ఇసుకలో పాకే ఒక జాతి మాంసాహార నత్త ఆల్చిప్పను పట్టుకుని, ఆమ్లంతో పెంకును మెత్తబరుస్తూ, గరుకు నాలుకతో గీకుతూ గంటల తరబడి తొలిచి లోపలి జీవిని తింటుందట. అది విన్నాక నాకు చిల్లు ఉన్న చిప్ప కనిపిస్తే దాటి వెళ్లడం కష్టమైంది. బొమ్మల దుకాణంలో మెరిసే శంఖం కన్నా ఒక ప్రాణి ఆకలి కథ రాసి ఉన్న ఈ చిప్పే నాకు విలువైనది.

ఏరడానికి పిన్ని పెట్టుకున్న నియమాలు గట్టివి. గవ్వను తిప్పి ఇసుక మీద పెట్టి కాసేపు ఆగాలి. కాళ్లు బయటికి వస్తే అందులో సన్యాసి పీత కాపురం ఉన్నట్టు. దానికి సొంత పెంకు ఉండదు, ఖాళీ శంఖాలే ఇళ్లు. కాబట్టి ఖాళీవైనా సరే కొన్ని వదిలిపెట్టి రావాలి. పగడాల జోలికి అసలు పోకూడదు. పగడాలతో పాటు కొన్ని రకాల శంఖాలకు కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. చలికాలంలో ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుక మీద వాటి జాడ కనిపిస్తే పక్కకు తప్పుకుని నడవాలి తప్ప, చుట్టూ చేరి ఫోటోలు తీయకూడదు.

అల తగ్గినప్పుడు తడి ఇసుక మీద కొన్నిచోట్ల ముదురు వంగపండు రంగు చారలు పడ్డాయి. మొదట ఏదో రంగు కలిసిందేమోనని భయపడ్డాను. చిటికెడు తీసి ఎండలో చూస్తే ఎర్రని గాజు రేణువులు! అవి గార్నెట్. విశాఖ కొండల్లోని ఖొండలైట్ రాయిలో ఈ ఖనిజం ఉంటుంది. రాయి అరిగి ముక్కలైతే వానలు దాన్ని కిందికి చేరుస్తాయి. తేలికైన ఇసుకను అల లాక్కుపోతుంది, బరువైన గార్నెట్ మిగిలిపోతుంది. పక్కనే నల్లని చారలు ఇల్మనైట్ అనే మరో బరువైన ఖనిజానివి. కైలాసగిరి ఎక్కని లోటు ఆ చిటికెడు ఇసుకతో తీరింది.

ఇల్లు ఎంవీపీ కాలనీలో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వాకిట్లోని బాదం చెట్టును పెకిలించింది. ఆ ఖాళీ చూడలేక పిన్ని మిద్దె మీద కుండీలు మొదలుపెట్టింది. సముద్రపు గాలిలోని ఉప్పు ఆకుల అంచులను మాడుస్తుంది. అందుకని లేత మొక్కలు పిట్టగోడ చాటున ఉంటాయి, గాలి బలంగా వీచిన మర్నాడు ఆకులన్నిటినీ మంచినీళ్లతో కడుగుతుంది. బిళ్లగన్నేరు, బచ్చలి మాత్రం ఏ గాలినీ లెక్కచేయకుండా పెరిగాయి. మేము ఏరిన పెద్ద చిప్పలను ఉప్పు పోయేదాకా నీళ్లు మారుస్తూ నానబెట్టి, కుండీ అడుగు రంధ్రం మీద బోర్లించాం. నీరు పోతుంది, మట్టి పోదు. బాబాయి కూడా రోజూ వచ్చి వంకాయ పిందెలు పలకరించి వెళ్లేవారు.

మధ్యాహ్నం హాల్లో నేల మీద బొంత పరిచేవాళ్లం. అడుగున ఒక నేత చీర, మధ్యలో పాత పంచెలు, పైన రంగురంగుల ముక్కలు. మూలలకు బరువుగా తీరంలోని నున్నని రాళ్లు. ముందు కచ్చా కుట్టు వేసి పొరలు కదలకుండా చేసి, అంచు నుంచి చుట్లు చుట్లుగా లోపలికి కుట్టుకుంటూ పోవాలి. కుట్టు ఎంత దగ్గరగా పడితే బొంత అంత గట్టిగా నిలుస్తుంది. నడిమధ్యన పిన్ని మామగారి పొందూరు పంచె ముక్క ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికేవారు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి వచ్చిన నూలు ఇది. ఎన్నో ఉతుకులు తిన్నా ఇంకా వేలికి మెత్తగా తగులుతోంది. సూది దింపేముందు పిన్ని ప్రతిసారీ దాన్ని నిమిరేది.

ఒక రోజు మాత్రం బస్సెక్కి భీమిలి వెళ్లాం. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి వచ్చాం. ఆ దిబ్బల గురించి విడిగా రాయాలి.

బొంత సగమే అయింది. మిగతా సగం అక్కడే కుట్టాలని పిన్ని పట్టుబట్టింది, నాకూ అదే కావాలి. మంగమారిపేట దగ్గర రాతి గుంటల్లో నీళ్లు బాగా తగ్గితే పీతలు, పువ్వుల్లా ఉండే సముద్రపు జీవులు కనిపిస్తాయట. ఇంటికి రాగానే నా క్యాలెండర్‌లోనూ మాఘ పౌర్ణమికి ఎర్ర సున్నా చుట్టి, ఆ ముందు రోజుకు రైలు టికెట్టు తీసుకున్నాను.