పదీ పదీ ఇరవై కాని చోటు

దుబాయ్‌లో నెట్‌వర్క్ నైట్ షిఫ్టుకు కొత్తగా వచ్చిన మనవాళ్లకు త్వరలోనే తగిలే టికెట్ (నమోదైన ఫిర్యాదు) ఇది: రెండు రౌటర్ల మధ్య రెండు 10జీ (సెకనుకు 10 గిగాబిట్ల) లింకులు. ఒకటి 95 శాతం నిండి ప్యాకెట్లు పారబోస్తోంది, రెండోది 20 శాతం దగ్గరే ఉంది. కస్టమరేమో "20జీకి డబ్బు కడుతున్నాం కదా" అంటాడు.

మామూలుగా రౌటర్ పంచేది ప్యాకెట్లను కాదు, ఫ్లోలను, అంటే ఒక్కో సంభాషణకు చెందిన ప్యాకెట్ల వరుసలను. రెండు వైపుల ఐపీలు, రెండు పోర్టులు, ప్రొటోకాల్, ఈ ఐదింటి మీద హ్యాష్ (వాటి నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) కట్టి లింకును ఎంచుకుంటుంది. ఫ్లో ఎంత పెద్దదైనా ఒకే లింకు మీద పోతుంది. రాత్రి బ్యాకప్ అలాంటిదే. ఐపీసెక్ టన్నెల్ (రెండు చోట్ల మధ్య ట్రాఫిక్‌ను గుప్తీకరించి పంపే దారి) ఇంకా మాయది: లోపల వెయ్యి మంది మాట్లాడుకుంటున్నా బయటికి కనిపించేది ఒక్క జత ఐపీలే. వేర్వేరు ఐపీలతో రెండు మూడు టన్నెళ్లు కట్టి ట్రాఫిక్ విడదీయాలి.

ప్యాకెట్ల వారీగా పంచేస్తే పోలా? గ్రాఫులు ముచ్చటగా సమానమవుతాయి. కానీ ప్యాకెట్లు వరుస తప్పి చేరతాయి. మూడు డూప్లికేట్ ఏక్‌లు (అందిందని తిరిగి వచ్చే రసీదులు) రాగానే టీసీపీ ప్యాకెట్ పోయిందనుకుని వేగం తగ్గించేస్తుంది. ఫోన్ కాల్స్‌లో మాట ముక్కలవుతుంది. ఆ జోలికి పోకండి.

సిస్కో రౌటర్లలో ఓఎస్‌పీఎఫ్ (దారులు ఎంచుకునే ప్రొటోకాల్) నడుస్తుంటే రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ చూడండి. దాన్ని లింకు వేగంతో భాగిస్తే వచ్చేదే ఆ లింకు కాస్ట్, 1 కంటే తగ్గదు. పాత డిఫాల్ట్ 100 ఎంబీపీఎస్ అలాగే ఉంటే 1జీకీ 10జీకీ కాస్ట్ 1 అవుతుంది. అప్పుడు రెండింటికీ సమానంగా పంచుతుంది, 1జీ ఊపిరాడక చస్తుంది. మార్చితే అన్ని రౌటర్లలోనూ ఒకే విలువ పెట్టాలి, అదీ చేంజ్ విండోలోనే (మార్పులకు ముందే ఒప్పుకున్న సమయంలోనే). ఆ విండో వారాంతంలో పెట్టేటట్టయితే, దుబాయ్‌లో వారాంతం శని, ఆదివారాలు. సౌదీ సైట్లకు శుక్ర, శనివారాలు.

వరుసగా రెండు రౌటర్లు ఒకే హ్యాష్ వాడితే మొదటిది ఒక పక్కకు తోసినదాన్నంతా రెండోదీ ఒకే లింకు మీదకు తోస్తుంది. ఒక్కో రౌటర్‌కు వేరే సీడ్ (హ్యాష్ లెక్కలో కలిపే సంఖ్య) ఇవ్వాలి. ఏ ఫ్లో ఎటు పోతోందో "షో ఐపీ సెఫ్ ఎగ్జాక్ట్-రూట్" కమాండ్ చెబుతుంది. ఇంటర్‌ఫేస్ లోడ్ సగటు మామూలుగా 5 నిమిషాలది. 30 సెకన్లకు దించితేనే ఉప్పెనలు కనబడతాయి.

ఆ కమాండ్ అవుట్‌పుట్ టికెట్‌కు జతచేసి, తెల్లవారుజామున 5కి హైదరాబాద్ టీముకు అప్పగించేటప్పుడు టైమును యూటీసీ 01:00 అని రాయండి. వాళ్ల గడియారంలో అప్పుడు 6:30. లేకపోతే గ్రాఫులో గంటన్నర పక్కన వెతుకుతారు.