నాచు నీళ్లలో జిగ్: ఈ సీజన్ గాలం నోట్సు

ఈ సీజన్‌లో పెట్టుకున్న పని ఒక్కటే: నాచు పట్టిన కాలువల్లో, సరస్సుల్లో బ్లూగిల్, క్రాపీ చేపల్ని వానపాము గుచ్చకుండా ఒట్టి జిగ్‌తో (బరువు తల, మెత్తటి ప్లాస్టిక్ తోక ఉన్న కొక్కెం) పట్టడం. రంగుల సంగతి పక్కన పెట్టి, జిగ్ ఎంత వేగంగా దిగుతోంది అన్నదే రాసుకుంటూ వచ్చాను. ఈ చేపలు జిగ్‌ను అందుకునేది ఎక్కువగా అది కిందికి దిగుతున్నప్పుడే.

ముందు సామాను. ఆరడుగుల అల్ట్రాలైట్ రాడ్, చిన్న స్పిన్నింగ్ రీల్, 4 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్) లైన్. జిగ్ తలలు 1/16, 1/32, 1/64 ఔన్సు. గ్రాముల్లో దాదాపు 1.8, 0.9, 0.45. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, మొదటిది చేప చూసేలోపే నాచులోకి దిగబడిపోతుంది, చివరిది దాని ముందు తీరిగ్గా జారుతుంది. కొక్కెం బ్లూగిల్‌కైతే 8 లేదా 10 నంబరు (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది). దాని నోరు మరీ చిన్నది. పెద్ద కొక్కెం పెడితే ప్లాస్టిక్ తోక కొరుక్కుని పోతుంది, అంతే. అంగుళం, అంగుళంన్నర ప్లాస్టిక్ చాలు. టక్ టక్ మని తగిలి ఏమీ పడకపోతుంటే తోకను గోటితో గిల్లి పొట్టి చేస్తాను. తల దగ్గర ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే ప్లాస్టిక్ మాటిమాటికీ జారదు.

ముడి మీద ఓ మాట. జిగ్ నీళ్లలో అడ్డంగా, ఈదుతున్న చిన్న చేపలా వేలాడాలి. ముడి జిగ్ తల కన్నంలో ముందు వైపుకి జారిందంటే జిగ్ నిటారుగా వేలాడుతుంది. చేప పడ్డ ప్రతిసారీ, నాచు లాగిన ప్రతిసారీ ముడిని వేలితో మధ్యకి జరుపుకోవాలి. ఇది చిన్న పనే, అయినా చాలామంది పట్టించుకోరు.

వసంతం, కాలువ

కాలువ గట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి నాచు గట్టు పొడవునా పట్టీలా పెరుగుతుంది. ఎదురుగా విసిరితే జిగ్ ఆ అంచు దగ్గర ఉండేది క్షణమే. గట్టు పక్కన నిలబడి అంచుకు సమాంతరంగా విసిరితే దారి పొడవునా అంచులోనే వస్తుంది. ఈ ఒక్క మార్పుతో పడే చేపల సంఖ్య బాగా పెరిగింది.

నీళ్లు 20 డిగ్రీలు దాటుతుండగా లోతు తక్కువ చోట బ్లూగిల్ గూళ్లు మొదలయ్యాయి. అడుగున ఇసుకనో గులకనో తోకతో ఊడ్చి గుండ్రంగా చేసుకుంటాయి, ఒకదాని పక్కన ఒకటి గుంపుగా. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే గట్టు మీంచే కనిపిస్తాయి. గుడ్లకు కాపలా ఉండేది మగ చేపే. అడ్డం వచ్చిన దేన్నయినా కరుస్తుంది కాబట్టి అక్కడ పట్టడం పెద్ద విద్యేమీ కాదు. నేను మాత్రం గూటి మీద దొరికిన పెద్ద మగవాటిని వెంటనే వదిలేస్తున్నాను. పెద్ద మగవాటిని వరసగా తీసేస్తే చిన్న మగవి ఎదుగుదల మానేసి తొందరగా ఈడుకొస్తాయి. కొన్నేళ్లకు ఆ నీళ్లలో అన్నీ వేలెడు చేపలే మిగులుతాయి. సంచి నింపుకునేవాళ్లకు ఈ మాట రుచించదు.

ఎండాకాలం, సరస్సు

నాచు పైకి తేలి చాపలా కప్పేశాక అంచుతో పాటు మధ్యలోని బొక్కలు కూడా పనికొస్తాయి. పళ్లెం అంత ఖాళీ ఉంటే చాలు, దాని నీడలో చేప ఉంటుంది. ఇక్కడే నా లెక్క కొంచెం మారింది. నెమ్మదిగా దిగే 1/64 జిగ్ ఆ బొక్కలోకి దిగకుండా పై నాచు మీదే కూర్చుంటోంది. అక్కడికి టంగ్‌స్టన్ జిగ్ తెచ్చాను. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, టంగ్‌స్టన్‌ది 19.3. అదే బరువుకి తల చాలా చిన్నగా ఉంటుంది, సందులోంచి సర్రున జారుతుంది. ధర ఎక్కువే, నాచులో పోయినప్పుడు మనసు చివుక్కుమంటుంది. బొక్కల్లో బరువు, అంచుల్లో తేలిక: ఎండాకాలమంతా ఇలాగే నడిచింది.

జిగ్‌కు నాచు తగిలితే మెల్లగా లాగితే ఇంకా చుట్టుకుంటుంది. రాడ్ కొనతో పైకి ఒక్కసారి చిటుక్కున ఎగరేసి, మళ్లీ లైన్ వదలాలి. నాచు విడిపోయి జిగ్ దిగే ఆ క్షణంలోనే చాలాసార్లు చేప పట్టుకుంది. ఇప్పుడు కావాలనే అంచుకు తగిలిస్తున్నాను.

తెల్లవారుజామునే వెళ్లాలి అనేది అందరూ చెప్పే మాట. దట్టమైన నాచు, కదలని నీళ్లు ఉన్న చోట అది సగమే నిజం. మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి గానీ రాత్రంతా అవీ పీలుస్తాయి. అందుకే తెల్లారేసరికి అక్కడ ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది, చేపలు మందకొడిగా ఉంటాయి. అలాంటి రోజు ముందు తూము దగ్గరో, గాలి కొట్టే వైపో మొదలుపెట్టి, ఎండ కాస్త ఎక్కాక నాచులోకి వస్తున్నాను.

క్రాపీ, బెండు

క్రాపీ కళ్లు తలలో పైకి ఉంటాయి, పైన కదిలేదాన్ని చూసి లేస్తుంది. జిగ్ దానికి జానెడు పైన ఆడాలి, కిందికి పోతే ఎంత మంచి జిగ్ అయినా దండగే. సరస్సు లోతు వైపు నాచు అంచున అవి మధ్య నీళ్లలో గుంపుగా నిలుస్తాయి. అక్కడ చిన్న బెండు కట్టి, కింద 1/32 జిగ్ వేలాడదీసి, లోతు కొద్దికొద్దిగా మార్చుకుంటూ వెతకడం తేలిక.

బెండు మునిగితేనే చేప అనుకోవద్దు. క్రాపీ జిగ్‌ను నోట కరుచుకుని పైకి లేస్తే బరువు తేలిపోయి, నిలబడ్డ బెండు పక్కకు పడుకుంటుంది. అలా పడుకుందంటే రాడ్ ఎత్తాలి. ఎత్తాలంటే గట్టిగా గుంజమని కాదు. దాని పెదవి పొర కాగితం లాంటిది, ఊరికే చిరుగుతుంది. లైన్ బిగువు తగ్గకుండా తెచ్చి వల పెట్టాలి. సాగని బ్రెయిడ్ (అల్లిన) లైన్ నాచును చక్కగా కోస్తుంది నిజమే గానీ, క్రాపీకి నాకు సాగే మోనోనే నచ్చింది.

రంగుల పెట్టె మాత్రం తెరవకుండానే సీజన్ గడిచింది. తేట నీళ్లకు తెలుపు, మురికి నీళ్లకు నలుపు, లేదా చార్‌ట్రూజ్ (పసుపు కలిసిన లేతాకుపచ్చ). మిగతా రంగులు చేపల కంటే ముందు మనల్నే పడతాయని నా అనుమానం.

ఆకులు రాలే కాలం

నాచు గోధుమ రంగుకి తిరిగి కుళ్లడం మొదలైతే అది ఆక్సిజన్ తినేస్తుంది, చేపలు అక్కడ నిలవవు. పచ్చగా మిగిలిన కుచ్చులు వెతుక్కోవాలి. మొన్న ఒక వరసంతా ఖాళీ, చివర్న పచ్చటి కూన్‌టెయిల్ (ఒక రకం నీటి మొక్క) కుచ్చు పక్కన మాత్రం వరసగా బ్లూగిల్‌లు. నీళ్లు చల్లబడ్డాక మళ్లీ 1/64కే వచ్చాను, ఎగరేయడం మానేసి ఊరికే జారనిస్తున్నాను.

ఇంటికొచ్చేముందు రీల్, బూట్లు, వల మీద అంటిన నాచంతా అక్కడే దులిపేస్తాను. హైడ్రిల్లా చిన్న ముక్క నుంచి కూడా కొత్త మొక్క లేస్తుంది, ఇంకో సరస్సుకి మోసుకెళ్లడం మన చేతిలోనే ఉంది. లైసెన్సు, రోజుకి ఎన్ని చేపలన్న పరిమితి ప్రతి నీటికీ వేరు. కొన్నిచోట్ల చిన్న సీసం బరువుల మీద నిషేధం కూడా ఉంది కాబట్టి పెట్టె సర్దుకునే ముందే చూసుకోవాలి.

చలికాలంలో మారబూ అనే మెత్తటి ఈకలతో జిగ్‌లు నేనే కడదామని ఉంది. కదిలించకపోయినా ఆ ఈక నీళ్లలో తనంతట తనే ఊగుతుంది, తోక కొరికే గొడవా తగ్గుతుంది. 10 నంబరు కొక్కేలు, నల్ల దారం వచ్చేశాయి. ముందు 1/64లు కడతాను, నాచులో ఎక్కువగా పోయినవి అవే.